కడగకుండా ఉంచిన ఎనిమిదో రీలు

ఈ మాట ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. మా రోజుల్లో ఒకరి ఇంటి సినిమాను సీడీలోకి ఎక్కించాలంటే, అది ఎంతసేపు నడుస్తుందో అంతసేపూ మనం ఎదురుగా కూర్చోవాల్సిందే. అలా కూర్చునే ఈ నగరంలో సగం మంది పెళ్లిళ్లు చూశాను. ఎవరి తాతగారో పాలకొల్లులో కొబ్బరిబోండాం తాగడం చూశాను. ఎవరి పాపో మొదటిసారి నడవబోయి కింద పడటం చూశాను. ఇరవై రెండేళ్లు ఇదే పని చేసి రిటైరయ్యాను. అన్ని చూశావు కదా, ఏది గుర్తుందని అడిగితే మాత్రం పెళ్లి ఒక్కటీ గుర్తు రాదు. నాలుగు నిమిషాలైనా నిండని ఒక చిన్న రీలు గుర్తొస్తుంది. అది చూడటానికి నాకు అనుమతి లేదు. అందుకే ముందుగా నా తప్పు చెప్పుకుని మొదలుపెడతాను.

మా షాపు పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట వైపు వచ్చే దారిలో ఉండేది. కింద జిరాక్సు, మొదటి అంతస్తులో కంప్యూటర్ కోర్సులు, రెండో అంతస్తులో మేము. ఊరంతా సాఫ్ట్‌వేర్ పిచ్చి పట్టిన కాలమది. జిల్లాల నుంచి బస్సు దిగిన పిల్లలు పెట్టెతో సహా నేరుగా మా బిల్డింగుకే వచ్చేవారు. మెట్ల మీద కూర్చుని జావా నోట్సు బట్టీ పట్టేవారు. వాళ్లను దాటుకుంటూ, "బాబూ, జరుగు, అమ్మా, జరుగు" అంటూ పైకి వెళ్లడం నాకు రోజూ ఒక వ్యాయామం. కిందంతా రేపటి గోల. పైన మా గదిలో కిటికీలకు నల్లబట్ట కట్టుకుని మేము నిన్నటిని తిప్పుతూ ఉండేవాళ్లం.

మేమంటే ఇద్దరమే. పెళ్లయ్యాక తెనాలి పక్కనుంచి వచ్చి ఈ పని నేర్చుకున్న నేను, నాకంటే పదిహేనేళ్లు పెద్దయిన ఆపరేటరన్న. ఆయన కుర్రతనంలో ఫిల్ములు కడిగే లేబొరేటరీలో పనిచేశాడు. తర్వాత ముప్పై ఏళ్లు సినిమాహాలు ప్రొజెక్షన్ గదిలో గడిపాడు. ఆ హాలు పడగొట్టి షాపింగ్ కాంప్లెక్సు కట్టాక మా దగ్గరికి వచ్చాడు. పాత బుల్లి ప్రొజెక్టరు ఒకటి ఎక్కడో సంపాదించి, దానికి ఎదురుగా వీడియో కెమెరా బిగించాడు. రీలు తిరుగుతున్నంతసేపూ దాని మీద అరచెయ్యి ఆనించి ఉంచేవాడు. పళ్ల చక్రం దగ్గర ఫిల్ము పట్టేస్తే కంటికంటే ముందు చేతికే తెలుస్తుందనేవాడు.

వానాకాలం, ఒక మధ్యాహ్నం. అరవై దాటిన మనిషి ఒకాయన బిస్కెట్ల డబ్బాను గొడుగులో దాచుకుని, తను తడుస్తూ వచ్చాడు. రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడట. డబ్బాలో అరచేతిలో పట్టేంత రీళ్లు ఏడున్నాయి.

"మా బ్యాండువమ్మా," అన్నాడు. "గప్పట్ల రాక్ అండ్ రోల్ అంటే ఊర్ల ఎవనికి తెల్వదు. లాలాగూడల నలుగురం పోరగాళ్లం మొదలువెట్టినం. నేను డ్రమ్ములు. ఒక పాత వ్యాను దొరికింది. రైల్వే ఇన్‌స్టిట్యూట్లళ్ల, గవే రైల్వోళ్ల క్లబ్బులు, డాన్సులకు వాయించుకుంట నెల రోజులు తిరిగినం. కాజీపేట, బెజవాడ, గుంతకల్లు."

"ఇప్పుడు నలుగురూ ఉన్నారాండీ?"

"ఒకడు ఆస్ట్రేలియా పోయిండు, జాడ లేదు. గిటారోడు మొన్ననే పోయిండు. గీ డబ్బా ఆయన ఇంట్లదే. పాడేటోడు..." ఆయన డబ్బా మూత తుడిచాడు. "వాడు గా టూర్లనే పోయిండు. అంటే చచ్చిపోయిండని కాదు. దిగి పోయిండు. మళ్ల రాలే. వాని చెల్లె ఉన్నది, బల్కంపేటల ఉంటది. గిటారోని దినాలకు వచ్చి గీ డబ్బా చూసింది. అన్నను ఒక్కసారి చూపియ్యమంటున్నది."

డబ్బా అడుగున ఎనిమిదోది కూడా ఉంది. చిన్న అల్యూమినియం డబ్బీ, మూత చుట్టూ ఎండిపోయిన టేపు. నేను దాన్ని తీయబోతే ఆయన నా చేతి మీద చెయ్యి వేశాడు.

"గది కడగనిది. చెడిపోయింది. దాన్ని ముట్టకుండ్రి అమ్మా."

సరేనన్నాను. ఆయన వెళ్లేటప్పుడు దాన్ని వెంట తీసుకువెళ్లొచ్చు. తీసుకువెళ్లలేదు.

ఏడు రీళ్లూ రెండు రోజుల్లో ఎక్కించాం. అన్నీ రంగులవి, కొంచెం ఎర్రబారాయి. శబ్దం లేదు. తెల్ల ప్యాంట్లు, నూనె పెట్టి పైకి దువ్విన జుట్టు. చెక్క నేల మీద జంటలు గిరగిరా తిరుగుతుంటాయి. గౌన్లు ఎగురుతుంటాయి. వందమంది చప్పట్లు కొడుతుంటారు. మా గదిలో మాత్రం ప్రొజెక్టరు టకటక, కింది అంతస్తులో ఎవరో పాఠం చెబుతున్న గొంతు. నోరంతా తెరిచి అరుస్తున్న మనుషుల్ని అంత నిశ్శబ్దంలో చూస్తుంటే, గాజు తలుపు అవతల ఎవరో సాయం కోసం పిలుస్తున్నట్టుంటుంది. నేను ఆ పని చాలా ఏళ్లు చేశాను కానీ దానికి అలవాటు పడలేదు.

పాడే కుర్రాడికి ఇరవై ఉంటాయేమో. సన్నగా, ఎత్తుగా ఉన్నాడు. కెమెరా అతనిదేనట. ఊరు వదిలి వెళ్లిపోతున్న ఒక రైల్వే గార్డు దగ్గర కొనుక్కున్నాడట. అతను తీయనప్పుడు మిగతా వాళ్లు అతన్ని తీశారు. మామూలుగా కెమెరా తిప్పితే మనుషులు ఒకసారి చూసి, నవ్వి, చూపు తిప్పుకుంటారు. ఇతను తిప్పుకోడు. పాడుతున్నా, వ్యానులో సామాను పెడుతున్నా, అరటిపండు తింటున్నా, షాటు అయిపోయేదాకా మనల్నే చూస్తుంటాడు. మూడో రీలుకొచ్చేసరికి నేను కుర్చీ కాస్త పక్కకు జరుపుకున్నాను.

"మేడమ్, గా పోరడు మీ దిక్కే చూస్తుండు," అన్నాడు ఆపరేటరన్న. నవ్వుతూనే అన్నాడు. చెయ్యి మాత్రం ప్రొజెక్టరు మీద నుంచి తీశాడు.

ఇక ఎనిమిదోది. ఇద్దరిలో ముందు ఎవరు నోరు జారామో ఇప్పుడు చెప్పలేను. నేనేనని నా అనుమానం. ఆ రంగు ఫిల్ము కడిగే మందులు ఎప్పుడో ఆగిపోయాయని, నలుపు తెలుపుగా అయితే ఏమైనా రావచ్చని ఆపరేటరన్న చెప్పాడు. "వస్తే వస్తది, లేకుంటే లేదు. చెడిపోయిందే గద," అన్నాడు. చెడిపోయిందనే మాట పట్టుకుని మేమిద్దరం ధైర్యం తెచ్చుకున్నాం. షాపు ఓనరుగారు ఊళ్లో లేని రోజు చూసుకుని, బాత్‌రూమ్ కిటికీకి నల్లబట్ట కొట్టి, పట్టపగలు చీకటి చేసుకుని, బకెట్లలో ఆ ఫిల్ము కడిగాం. చీకట్లో ఆయన చేతులు నీళ్లలో కదిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఉన్నట్టుండి, "వచ్చిండు," అన్నాడు. అప్పటికి లైటు ఇంకా వెయ్యలేదు. వేళ్లకు ఎలా తెలిసిందో నేను అడగలేదు.

ఆరబెట్టి, ఎక్కించి, కంప్యూటరులో తెలుపును నలుపుగా, నలుపును తెలుపుగా తిప్పి చూశాం.

మొదట ఏదో హాలు, కొన్ని క్షణాలు. తర్వాత రోడ్డు. రెండు పక్కలా బండరాళ్లు, పొద్దుటి ఎండ. వ్యాను మన నుంచి దూరంగా వెళ్లిపోతోంది. వెనక అద్దంలోంచి ఎవరో చెయ్యి ఊపుతున్నారు. చుక్కంత అయ్యేదాకా వెళ్లిపోయింది. తర్వాతి షాటులో కెమెరా కదలకుండా ఉంది. దేనిమీదో పెట్టినట్టున్నారు. ఆ కుర్రాడు పక్కనుంచి నడుచుకుంటూ వచ్చి రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. మనల్నే చూస్తూ, మడమతో తాళం వేస్తూ పాడాడు. చుట్టూ నరపురుగు కూడా లేదు. ఒక చరణం అయ్యాక ఒకసారి వంగి దణ్ణంలాంటిది పెట్టి, పక్కకు వెళ్లిపోయాడు.

ఆఖరి షాటులో అదే రోడ్డు, కెమెరా అదే చోటు. దూరంగా వ్యాను తిరిగి వస్తోంది. ఆగింది. ముగ్గురు దిగారు. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని పిలుస్తున్నారు. ఒకడు రాళ్లలోకి పరుగెత్తాడు. ఒకడు రోడ్డు మీదే గిరగిరా తిరుగుతున్నాడు. మూడోవాడు కెమెరాను చూసి దగ్గరికి వచ్చాడు. మన డ్రమ్ములాయనే. ఇరవై ఏళ్ల మొహం. చెయ్యి కెమెరా అద్దాన్ని కప్పేసింది. అంతా నలుపు.

ఆపరేటరన్న ఆఖరి షాటును మళ్లీ వెనక్కి జరిపాడు. "మేడమ్, గప్పటి కెమెరా గడియారం లెక్క కీ ఇచ్చేది. పూరాగ కీ ఇచ్చినా అర నిమిషం కన్న ఎక్కువ తిరగది. గా వ్యాను దూరంల ఉన్నప్పుడే ఎవరో బటన్ నొక్కిన్రు," అన్నాడు.

"అంటే అతను అక్కడే ఉన్నాడా?"

"ఉండాలె గద."

మర్నాడు డ్రమ్ములాయన సీడీల కోసం వచ్చాడు. అబద్ధం చెప్పే తెలివి నాకుంది కానీ, డబ్బీ టేపు ఊడిపోయి ఉంది. చేసింది చెప్పి, క్షమించమన్నాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. స్టూలు మీద కూర్చుని, "ఏం వచ్చింది?" అని మాత్రం అడిగాడు.

చూపించాం. వ్యాను వెళ్లిపోతుంటే, అద్దంలో ఊగే ఆ చెయ్యిని చూస్తూ, "అది నేనే," అన్నాడు. అయ్యాక చెప్పడం మొదలుపెట్టాడు.

"గుంతకల్లు ఇన్‌స్టిట్యూట్ల వాడు మధ్యల తెలుగు పాట ఎత్తుకుండు. వాడే కట్టిండు. రాక్ అండ్ రోల్ తాళంల తెలుగు. జనం నవ్విన్రు, ఈలలేసిన్రు. మాకు తల తీసేసినట్టయింది. తెల్లారి వ్యానుల లొల్లి. కర్నూలు దాటినంక నేనే అన్న, దిగు, దిగి గీ రాళ్లకు పాడుకోపో నీ పాట అని. వాడు నవ్వుకుంట దిగిండు, కెమెరా మెడలేసుకొని. మేం పోనిచ్చినం. తమాషాకే అమ్మా! ఐదారు మైళ్లు పోయి చాయ్ తాగి ఎనక్కి తిప్పినం. మైలురాయి మీద కెమెరా ఉన్నది. వాడు లేడు. ఎంతసేపు పిలిచినమో. బాయిలల్ల సుత దిగి చూసినం."

"ఇంట్లో ఏం చెప్పారు?"

"వాడే కర్నూల్ల దిగిండు, బొంబాయి పోత అన్నడు అని చెప్పినం. ముగ్గురం ఒట్టేసుకున్నం. వాళ్లమ్మ బొంబాయికి ఉత్తరాలు రాసుకుంటనే పోయింది. గా చెల్లె ఎందుకు టెలిఫోన్ ఎక్స్‌చేంజిల నౌకరీకి చేరిందనుకున్నరు? బొంబాయి ట్రంక్ కాల్ తగిలినప్పుడల్ల అక్కడి ఆపరేటర్ పిల్లలను అడిగేది, గిట్ల ఒక పాటగాడు ఉన్నడా అని."

కీ ఇచ్చే కెమెరా సంగతి ఆపరేటరన్న నెమ్మదిగా వివరించాడు. డ్రమ్ములాయన వింటూ వింటూ నా వైపు తిరిగాడు. "అంటే మేం పిలుస్తుంటే గక్కడ్నే ఉన్నడా? కావాల్నని రాలేదా?" ఆ మాట ఆయనకు ఊరటో, దెబ్బో నాకు తెలియలేదు. ఆయనకూ తెలిసినట్టు లేదు. చివరికి, "చెల్లెకు గిది చూపియ్యద్దు," అని లేచాడు. ఎప్పుడో పారేయకుండా దీన్ని ఎందుకు ఉంచారని అడిగాను. "గిటారోడు కెమెరాలకెళ్లి తీసి దాచిండు. నాకు దొరికినంక చేతులు రాలే," అన్నాడు.

ఆదివారం ఇద్దరూ వచ్చారు. కోర్సులవాళ్లకు సెలవు. మెట్లు ఖాళీగా ఉన్నాయి. ఆ బిల్డింగు అంత ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఆమెకు యాభై దాటి ఉంటాయి. నూలుచీర, అరిగిపోయిన హ్యాండ్‌బ్యాగు, వరసగా గాజులు. మనిషి తక్కువ మాట్లాడేరకం. కుర్చీ అంచున కూర్చుని ఏడు రీళ్లూ కళ్లార్పకుండా చూసింది. అన్న అరటిపండు తింటుంటే ఒక్కసారి నవ్వింది.

"గింతేనా?" అంది అయ్యాక.

నేను డిస్కు తీయబోయాను. డ్రమ్ములాయన గొంతు సవరించుకున్నాడు. "ఇంకొకటి ఉన్నది చెల్లె." నా వైపు చూసి తలూపాడు. "చూసినంక నన్ను ఏమన్న అను. కొట్టినా కొట్టు."

పెట్టాను. వ్యాను వెళ్లిపోయింది. కుర్రాడు రోడ్డు మధ్యకు వచ్చి పాడటం మొదలుపెట్టగానే ఆమె పెదవులు కదిలాయి. మొదట ప్రార్థన అనుకున్నాను. కాదు. అతని నోటితో కలిపి, మాట తప్పకుండా, సన్నటి గొంతుతో పాడుతోంది.

"సిగ్నలు పడలేదే పిల్లా, ఔటర్లనే నిలిచిన్నే..."

అన్న ఇంట్లో సాధన చేస్తుంటే విని నేర్చుకుందట. అప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు. తెర మీద మూగగా కదిలే ఆ నోట్లోంచే వస్తున్నట్టు వినిపించింది పాట. ఆపరేటరన్న గోడకు ఆనుకున్నాడు.

వ్యాను తిరిగొచ్చింది. ముగ్గురూ దిగి పిలిచారు. చెయ్యి అద్దాన్ని కప్పింది.

"అన్నా, మీరు ఎనక్కి వచ్చిన్రా?"

"వచ్చినం."

"గంతసేపు పిలిచిన్రా?"

"పిలిచినం."

"నాకెందుకు చెప్పలే? అమ్మకెందుకు చెప్పలే?"

"ఎనక్కి వచ్చినమని చెప్తే, ఇడిచిపెట్టి పోయినమని సుత చెప్పాలె గద చెల్లె."

ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. ఆమె ఆయన్ని తిట్టలేదు, ఓదార్చలేదు. "మళ్ల పెట్టుండ్రి మేడమ్, వ్యాను ఎనక్కి వచ్చే కాన్నుంచి," అంది. పెట్టాను. మళ్లీ పెట్టమంది. మూడోసారి లేచి తెర దగ్గరికి వెళ్లి, కింద కుడిమూల వేలు పెట్టింది.

"గిదేంది?"

అక్కడొక నల్లటి మచ్చ ఉంది. సరిగా కడగక పడిన మరక అనుకున్నాను. కత్తిరించేద్దామని కూడా అనుకున్నాను. అదే చెప్పబోయాను.

"మరక కాదు," అంది. "కూసున్నడు. మోకాళ్లు పట్టుకొని. అలిగితే చిన్నప్పటి సంది గట్లనే కూసుంటడు."

ఆపరేటరన్న ఒక్కొక్క బొమ్మగా జరిపాడు. చెప్పాక ఇక దాన్ని మరకగా చూడటం ఎవరి వల్లా కాలేదు. ముడుచుకుని కూర్చున్న మనిషి నీడ రోడ్డు మీద పొడుగ్గా పడి ఉంది. తల మోకాళ్ల మీద వాలి ఉంది. ముగ్గురూ చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇంకో నాలుగు బొమ్మలు జరిపాడు. నీడ తల పైకెత్తింది.

డ్రమ్ములాయన దగ్గరికి వస్తున్నకొద్దీ ఆయన బూట్లు ఆ నీడను తొక్కుతూ వచ్చాయి.

"విన్నడు," అంది ఆమె. "పిలిస్తే విన్నడు." ముప్పై ఏళ్లకు పైగా వైర్ల వెంట వెతికిన మనిషి, ఆ రెండు మాటలే చెప్పి కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకుంది.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు ఒక మాట చెబుతాను. వద్దన్నదాన్ని ముట్టకండి. ఆవిడకు అంతో ఇంతో మేలు జరిగిందేమోనని నన్ను నేను సమర్థించుకున్న రోజులున్నాయి. ఆ ముసలాయన మొహం గుర్తొస్తే ఆ సమర్థన నిలవదు. ముట్టకూడదనడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది.

వెళ్లేముందు ఒక బొమ్మను కాగితం మీద అచ్చు తీసిమ్మంది ఆమె. అన్న మొహం స్పష్టంగా ఉన్నవి ఏడు రీళ్లలో ఎన్నో ఉన్నాయి, ఒకటి ఎంచి పెట్టాను. అక్కర్లేదంది. తల ఎత్తిన నీడ ఉన్నదే తీసుకుంది. చీరకొంగుతో ఇంకు ఆరేదాకా విసిరి, హ్యాండ్‌బ్యాగులో జాగ్రత్తగా పెట్టుకుని మెట్లు దిగింది.

డ్రమ్ములాయన గుమ్మం దగ్గర ఆగాడు. ఆమె అడుగుల చప్పుడు కిందికి చేరేదాకా ఆగి, నా వైపు వంగి, గొంతు తగ్గించి చెప్పాడు.

"అమ్మా, గీ మాట దానికి చెప్పకుండ్రి. పిలిచి పిలిచి అలసిపోయి, కెమెరా ఒళ్లె పెట్టుకొని నేను గా మైలురాయి మీదనే కూసున్న. పావుగంట సేపు. బొమ్మల గా నీడ పడ్డ కాడ్నే నా కాళ్లు చాపుకున్న." ఆయన ఖాళీ మెట్ల వైపు ఒకసారి చూశాడు. "నా పక్కన ఎవ్వరు లేరమ్మా."